అరగంట తర్వాత చల్లదనం ఆగిపోయే కారు ఏసీ: కారణం వెతికిన క్రమం, చేసిన మరమ్మతు

మా కారు ఏసీ పూర్తిగా చెడిపోయి ఉంటే కారణం పట్టుకోవడం సులభంగా ఉండేది. బయలుదేరిన కొత్తలో అది బాగానే చల్లబరిచేది. ఎండలో సుమారు అరగంట నడిపిన తర్వాత, బ్లోయర్ గాలి వేగం ఏమాత్రం తగ్గకుండానే, చల్లదనం మాత్రం ఒక్కసారిగా పోయి ఇంజిన్ వేడి తగిలినట్టున్న గాలి వచ్చేది. ఇంజిన్ ఆపి, కారును కాసేపు నీడలో ఉంచి మళ్ళీ స్టార్ట్ చేస్తే, అసలేమీ జరగనట్టు చల్లగాలి ఇచ్చేది. మెకానిక్ ముందు బానెట్ ఎత్తే సమయానికి ఎప్పుడూ సక్రమంగా పనిచేస్తూ ఉండడం వల్ల, లోపాన్ని చూపించడమే మొదటి సమస్య అయింది.

అంతకుముందు ఏడాది చల్లదనం తగ్గిందన్నప్పుడు ఒక వర్క్‌షాపులో గ్యాస్ నింపి పంపించారు, ఆ వేసవి గడిచిపోయింది. ఈసారీ అదే సలహా వచ్చింది. అయితే ఏసీలోని గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యే పదార్థం కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ ద్రవంగా, ఆవిరిగా మారుతూ తిరుగుతూ ఉంటుంది. రబ్బరు గొట్టాల గుండా, కంప్రెసర్ షాఫ్టు సీలు గుండా ఏటా కొద్దికొద్దిగా బయటపడే మాట నిజమే కానీ, ఒక్క ఏడాదిలో చల్లదనం తగ్గేంతగా పోయిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. అందువల్ల లీకు అనుమానం మొదటి నుంచీ ఉంది. కానీ లీకు ఒక్కటే అయితే చల్లదనం రోజంతా తక్కువగా ఉండాలి. అరగంట బాగా ఉండి ఆ తర్వాత పూర్తిగా మాయమై, విశ్రాంతి ఇస్తే తిరిగి రావడాన్ని అది వివరించదు. ఉన్నది ఒక లోపమా, రెండా అన్నది తేలకుండా గ్యాస్ జోలికి పోకూడదని నిర్ణయించుకుని, పరిచయస్థులైన ఒక పెద్ద మెకానిక్ గారి దగ్గరికి కారు తీసుకువెళ్ళాను.

తర్వాత చెప్పబోయే అంకెలు అర్థం కావడానికి ఈ వ్యవస్థ పనితీరు కొంత తెలిసి ఉండాలి. మా కారు ఏసీలో ఉన్నది ఆర్-134ఎ అనే గ్యాస్. మామూలు వాతావరణ పీడనం దగ్గర అది మైనస్ 26 డిగ్రీల సెల్సియస్ వద్దే మరిగిపోతుంది. డాష్‌బోర్డు వెనుక ఉండే ఎవాపరేటర్‌లో, మెకానిక్‌లు కూలింగ్ కాయిల్ అనేదానిలో, గేజు మీద 28 పీఎస్ఐ పీడనం ఉన్నప్పుడు అది దాదాపు 0 డిగ్రీల వద్ద మరుగుతూ, తన మీదుగా పోయే గాలిలోని వేడిని పీల్చుకుంటుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ బిగించి నొక్కి రేడియేటర్ ముందున్న కండెన్సర్‌లోకి పంపిస్తుంది; అక్కడ అది వేడిని బయటి గాలికి వదిలేసి, సుమారు 50 డిగ్రీల వద్ద, 180 పీఎస్ఐకి కాస్త అటూ ఇటూగా, తిరిగి ద్రవమవుతుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ ఆ ద్రవాన్ని సన్నని రంధ్రం గుండా మళ్ళీ తక్కువ పీడనంలోకి వదులుతుంది. కంప్రెసర్ ముందు పుల్లీ బెల్టుతో ఎప్పుడూ తిరుగుతూనే ఉన్నా, విద్యుత్తు అందినప్పుడు మాత్రమే అయస్కాంత క్లచ్ తన ముందరి పళ్లేన్ని పుల్లీకి అతికించుకుని లోపలి షాఫ్టును తిప్పుతుంది.

చల్లగా మొదలై తర్వాత ఆగిపోవడానికి మా ఇద్దరికీ నాలుగు కారణాలు కనిపించాయి. ఎవాపరేటర్ మీద మంచు పేరుకుంటే గాలికి దారి మూసుకుపోతుంది. కానీ అప్పుడు ముందు గాలి వేగం పడిపోవాలి, మా కారులో అది తగ్గలేదు. గ్యాసులో తేమ చేరి ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర గడ్డకడితే ప్రసరణ ఆగిపోతుంది. అది కరిగితే మళ్ళీ మొదలవుతుంది. కండెన్సర్ ఫ్యాను తిరగకపోతే పీడనం పెరిగిపోయి, రక్షణ కోసం ఉన్న ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ను ఆపేస్తుంది. ఇలాంటప్పుడు కారు వేగంగా పోతుంటే బాగుండి, ఆగినప్పుడు చల్లదనం పోతుంది. నాలుగోది, వేడెక్కిన తర్వాత క్లచ్ అతుక్కోకపోవడం. ఈ నాలుగింటినీ విడదీసే మార్గం ఒక్కటే: లోపం బయటపడిన క్షణంలో కంప్రెసర్ తిరుగుతోందా లేదా చూడడం, తిరగకపోతే దానికి కరెంటు అందుతోందా లేదా కొలవడం. బాగా ఉన్నప్పుడు ఎన్ని పరీక్షలు చేసినా ఈ రకమైన లోపం దొరకదు.

అందుకని లోపం దానంతట అది వచ్చేదాకా ఎదురుచూడకుండా, రప్పించే ఏర్పాటు చేశాం. మధ్యాహ్నం ఎండలో కారు నిలిపి, ఏసీని పూర్తి చల్లదనం మీద, బ్లోయర్‌ను గరిష్ఠం మీద పెట్టి, మధ్య గాలి రంధ్రంలో థర్మామీటర్ ముల్లు దూర్చాం. క్లచ్‌కు పోయే కనెక్టర్ వెనుక నుంచి రెండు సన్నని పిన్నులు గుచ్చి, బెల్టుకు తగలకుండా వాటి తీగలను కట్టి, మల్టీమీటర్‌ను అద్దం మీదికి తెచ్చి పెట్టాం. ఇంజిన్‌ను ఐడిల్ కన్నా కాస్త ఎక్కువ వేగం మీద ఉంచి కూర్చున్నాం. గాలి 12 డిగ్రీలకు దిగి చాలాసేపు అక్కడే నిలిచింది. ఆ తర్వాత ఒకసారి క్లచ్ వదిలిన టక్కుమన్న శబ్దం వినిపించింది, ఎప్పటిలాగే మళ్ళీ అతుక్కుంటుందని చూస్తే అతుక్కోలేదు. థర్మామీటర్ అంకె ఆగకుండా పైకి పోసాగింది. బానెట్ కింద చూస్తే పుల్లీ గిర్రున తిరుగుతోంది, దాని ముందున్న పళ్లెం మాత్రం కదలకుండా ఉంది. మల్టీమీటర్ 13.6 వోల్టులు చూపిస్తోంది.

ఈ ఒక్క అంకెతో సగం వ్యవస్థ మీద అనుమానం తొలగిపోయింది. క్లచ్ దాకా పూర్తి వోల్టేజి వస్తోందంటే రిలే, ఫ్యూజు, ప్రెషర్ స్విచ్, ఎవాపరేటర్ ఉష్ణోగ్రతను చూసే థర్మిస్టర్, వాటిని నడిపే కంప్యూటర్, ఇవన్నీ కంప్రెసర్‌ను తిప్పమనే చెబుతున్నాయి. తిరగనిది క్లచ్ ఒక్కటే. మెకానిక్ గారు పొడవాటి కర్ర తెప్పించి, నన్ను వెనక్కి జరగమని, తిరిగే బెల్టుకు చేతులు దూరంగా ఉంచి, ఆ పళ్లేన్ని పక్క నుంచి కొద్దిగా నొక్కారు. వెంటనే అది అతుక్కుంది, కంప్రెసర్ తిరిగింది, గాలి చల్లబడింది. “చూశారా సార్, దీనికి బలం ఉంది, అందుకునే దూరమే పెరిగిపోయింది” అన్నారు. అనుభవం లేనివారు తిరుగుతున్న ఇంజిన్ దగ్గర ఈ పరీక్ష చేయకూడదు. వోల్టేజి కొలతే అసలు విషయం ముందే చెప్పేసింది.

వేడి వల్లనే ఇలా ఎందుకు జరుగుతుందో కొలతల్లో చూస్తే స్పష్టంగా తెలుస్తుంది. ఉదయం చల్లగా ఉన్నప్పుడు క్లచ్ కాయిల్ నిరోధం 3.7 ఓములు. ఆగిపోయిన వెంటనే ఇంజిన్ ఆపి కొలిస్తే 4.9 ఓములు. రాగి తీగ నిరోధం ప్రతి డిగ్రీకీ దాదాపు 0.4 శాతం పెరుగుతుంది కాబట్టి, ఆ కాయిల్ ఉదయం కన్నా ఎనభై డిగ్రీలకు పైగా వేడెక్కిందన్నమాట. అదే వోల్టేజి దగ్గర కరెంటు 3.7 ఆంపియర్ల నుంచి 2.8కి పడిపోతుంది. అయస్కాంతపు లాగుడు స్థూలంగా కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక బలం సగానికి కాస్త ఎక్కువ దగ్గరికి వచ్చేస్తుంది. పళ్లెం, పుల్లీ మధ్య ఖాళీ సరిగా ఉంటే ఆ బలం కూడా సరిపోతుంది. సన్నని ఖాళీలను కొలిచే ఫీలర్ గేజ్ దూర్చి చూస్తే ఒకచోట 0.8 మిల్లీమీటర్లు, ఎదురుగా 0.9 వచ్చింది; మా కారు సర్వీసు పుస్తకం ప్రకారం అది 0.3 నుంచి 0.6 మధ్య ఉండాలి. ఏళ్ళ తరబడి అతుక్కుంటూ విడిపోతూ రెండు ముఖాలూ అరిగి ఆ ఖాళీ పెరిగింది. ఒకసారి అతుక్కున్న పళ్లేన్ని పట్టి ఉంచడానికి తక్కువ బలం చాలు, దూరం నుంచి లాక్కోవడానికే ఎక్కువ కావాలి. అందుకే కంప్రెసర్ ఒకసారి ఆగి మళ్ళీ అందుకోవలసిన సమయంలోనే ఇది విఫలమయ్యేది.

మరమ్మతు గ్యాస్ విప్పనవసరం లేనిది. పళ్లెం మధ్యలోని ఒక్క బోల్టు తీసి, పళ్లేన్ని బయటికి లాగితే, షాఫ్టు మీద షిమ్‌లు, అంటే ఆ ఖాళీని సర్దే పలచని ఉక్కు రింగులు, కనిపించాయి. వాటిలో 0.4 మిల్లీమీటర్ల మందమున్న ఒకదాన్ని తీసేసి తిరిగి బిగించాక, మూడు చోట్ల కొలిస్తే 0.4 నుంచి 0.5 మధ్య వచ్చింది. పళ్లెం ముఖం మీద జారుడు వల్ల ఏర్పడిన నీలి చారలు అక్కడక్కడా ఉన్నా గుంటలు పడలేదు, పుల్లీ బేరింగ్ చేత్తో తిప్పితే గరగర లేదు. ఇదే లోపానికి కంప్రెసర్ మొత్తం మార్చాలని చెప్పేవారు తక్కువమంది కాదు. కంప్రెసర్ తిరగడం లేదన్న మాట నిజమే కావచ్చు, కానీ చెడిందని అనడానికి అది చాలదు.

మళ్ళీ ఎండలో అదే పరీక్ష పెట్టాం. ఈసారి గంట దాటినా కంప్రెసర్ ఆగలేదు. అయినా మధ్య రంధ్రం దగ్గర గాలి 12 డిగ్రీల కన్నా కిందికి దిగలేదు. బయట 34 డిగ్రీలున్న ఆ రోజున ఈ పరిమాణం కారుకు 6, 7 డిగ్రీలు రావాలి. మాటిమాటికీ ఆగిపోయే పెద్ద లోపం చాటున ఇంతకాలం దాక్కున్న రెండో లోపం ఇది. క్యాబిన్ ఫిల్టర్ తీసి చూశాం, మురికిగా ఉంటే మార్చాం, తేడా స్వల్పం. అప్పుడిక గేజులు తగిలించారు.

ఇంజిన్ ఆపి ఉండగా రెండు గేజులూ దాదాపు 104 పీఎస్ఐ దగ్గర నిలిచాయి. “గ్యాస్ ఫుల్లుగానే ఉందండీ” అన్నాడు సహాయకుడు. నిజానికి ఆ అంకె గ్యాస్ పరిమాణం గురించి ఏమీ చెప్పదు. ఇంట్లో వంటగ్యాస్ సిలిండర్ సగం ఖాళీ అయినా స్టవ్ మంట అంతే బలంగా వచ్చినట్టు, లోపల ద్రవం కొంచెమైనా మిగిలి ఉన్నంతవరకూ పీడనం ఉష్ణోగ్రతను బట్టి మాత్రమే ఉంటుంది. 32 డిగ్రీల వద్ద ఆర్-134ఎకు 104 పీఎస్ఐ రావాలి, వచ్చింది. 500 గ్రాములున్నా వస్తుంది, 250 గ్రాములున్నా వస్తుంది. ఆ అంకె బాగా తగ్గిపోయి ఉంటే గ్యాస్ దాదాపు లేదని తెలుస్తుంది. ఉన్నంత మాత్రాన నిండుగా ఉందని తెలియదు. ఈ ఒక్క పొరపాటు అభిప్రాయం వల్ల ఎన్నో కార్లకు అనవసరంగా ఎక్స్‌పాన్షన్ వాల్వులు మారుతున్నాయని నా అనుమానం.

ఇంజిన్ నడుస్తుండగా తక్కువ పీడనం వైపు 18, ఎక్కువ పీడనం వైపు 130 వచ్చింది. రెండూ తక్కువే. దీనికి గ్యాస్ తక్కువ కావడం ఒక కారణం, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ మూసుకుపోవడం మరో కారణం. గేజుల మీద ఈ రెండూ చాలావరకూ ఒకేలా కనిపిస్తాయి. వీటిని వేరు చేసింది ఒక చిన్న ఉష్ణోగ్రత కొలత. 130 పీఎస్ఐ దగ్గర ఆర్-134ఎ ద్రవంగా మారే ఉష్ణోగ్రత దాదాపు 40 డిగ్రీలు. కండెన్సర్ నుంచి బయటికి వచ్చే సన్నని గొట్టానికి థర్మామీటర్ కట్టి, పైన గుడ్డ చుట్టి చూస్తే 39 ఉంది. వాల్వ్ మూసుకుపోయి ఉంటే ద్రవం దాని వెనుక కండెన్సర్‌లో నిలిచి, ఇంకా 5 నుంచి 10 డిగ్రీల మేర చల్లబడి బయటికి రావాలి. ఇక్కడ ఆ అదనపు చల్లదనం లేదు, అంటే కండెన్సర్ చివర నిలవడానికి ద్రవమే లేదు. గ్యాస్ తక్కువగా ఉందని అప్పుడు నమ్మకంగా అనుకోగలిగాం.

తక్కువగా ఉందని తెలిసినా వెంటనే నింపించలేదు. అతినీలలోహిత కాంతిలో మెరిసే రంగును కొద్దిగా ఎక్కించి, కొన్నాళ్ళు కారు మామూలుగా నడిపాను. ఆ తర్వాత చీకటి పడ్డాక ఊదారంగు లైటు, పసుపు కళ్ళద్దాలు తీసుకుని ఒక్కో జాయింటూ చూశాం. ముందుగా చూసింది కారు కింద పడే ఎవాపరేటర్ నీటిని. అందులో మెరుపు ఉంటే డాష్‌బోర్డు మొత్తం విప్పాల్సిన పని అవుతుంది. లేదు, హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. కంప్రెసర్ షాఫ్టు దగ్గర, గొట్టాల జాయింట్ల దగ్గర కూడా ఏమీ లేదు. ముందు గ్రిల్లు తీసి, కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య ఉన్న సందులోకి చిన్న అద్దం దించి లైటు వేస్తే, కింది మూలలో నాణెమంత మేర పసుపుపచ్చగా వెలిగింది. అక్కడ ఎండుటాకులూ మట్టీ ముద్దగా పేరుకుని ఉన్నాయి. వానకు తడిసిన ఆ ముద్ద ఆరకుండా అంటుకుని ఉండడం వల్ల పలచని అల్యూమినియం గొట్టాన్ని రేడియేటర్ వైపు నుంచి తినేసింది. ముందు నుంచి చూస్తే కండెన్సర్ కొత్తదానిలా ఉంది.

మిగిలిన గ్యాసును గాల్లోకి వదలకుండా రికవరీ యంత్రంతో లాగించాం. బానెట్ కింద స్టిక్కరు మీద 520 గ్రాములని ఉంటే, యంత్రం లెక్కలో వచ్చింది 320. అలా లాగించడం శ్రమ అనుకునేవారికి ఒక మాట. పాత కార్లలోని ఆర్-12 ఓజోన్ పొరను దెబ్బతీస్తున్నందువల్ల 1987 నాటి మాంట్రియల్ ఒప్పందంతో క్రమంగా తొలగిపోయింది. దాని స్థానంలో వచ్చిన ఆర్-134ఎ ఓజోన్ జోలికి పోదు కానీ, నూరేళ్ళ లెక్కన కార్బన్ డయాక్సైడ్ కన్నా 1,400 రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. అందుకే 2016లో ఆ ఒప్పందానికే చేసిన కిగాలీ సవరణ దీన్ని కూడా తగ్గించవలసిన వాటిలో చేర్చింది. కొత్త కార్లలో చాలావాటికి వస్తున్న ఆర్-1234వైఎఫ్‌కు ఆ గుణం చాలా తక్కువ, కానీ కొద్దిగా మండే స్వభావం ఉంది. దాని గేజు కనెక్టర్లు కూడా వేరు, ఒకదానిలో మరొకటి నింపకూడదు.

ఖాళీ అయిన గొట్టాల్లో నైట్రోజన్‌ను 150 పీఎస్ఐ దాకా ఎక్కించి, ఆ మూలలో సబ్బునురగ రాస్తే, గసగసాల్లాంటి బుడగలు ఒక్కొక్కటిగా ఉబికాయి. ఈ పరీక్షకు టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్‌ను వాడకూడదు; ఆ గాలిలో తేమ ఉంటుంది, పైగా ఎక్కువ పీడనంలో గాలితో కలిసిన ఆర్-134ఎ మండగలదు. డబ్బాలో దొరికే లీకు మూసే ద్రవం పోస్తే చాలన్న సలహా కూడా వచ్చింది, వద్దన్నాను. తేమ తగిలితే గట్టిపడే రకం ద్రవాలు ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లోనూ, తర్వాత తగిలించే రికవరీ యంత్రంలోనూ కూడా గట్టిపడగలవు.

కండెన్సర్ మార్చడం ఓపికతో కూడిన పనే కానీ చెప్పుకోదగ్గ విశేషం లేదు. తేమ పీల్చే డ్రయర్ మా కారులో కండెన్సర్ పక్కనే అతికి ఉంటుంది కాబట్టి అదీ కొత్తదే వచ్చింది. విప్పిన ప్రతి జాయింటుకూ కొత్త ఆకుపచ్చ రబ్బరు ఓ-రింగులు, కంప్రెసర్ ఆయిల్ పూసి వేశారు. పాత కండెన్సర్‌తో పాటు పోయిన ఆయిల్‌కు బదులుగా పుస్తకంలో చెప్పిన 30 మిల్లీలీటర్ల పీఏజీ-46 ఆయిల్ పోశారు. ఈ ఆయిల్ గాలిలోని తేమను తొందరగా పీల్చుకుంటుంది. అందుకని సీసా మూతగానీ, గొట్టాల మూతలుగానీ అవసరమైన క్షణం వరకూ తీయనివ్వలేదు మెకానిక్ గారు.

నేను ఎక్కువసేపు నిలబడి చూసింది వాక్యూమ్ పెట్టడం. దీని ఉద్దేశం లోపలి గాలిని తీసేయడంతో పాటు నీటిని మరిగించి ఆవిరిగా లాగేయడం. 30 డిగ్రీల వద్ద నీరు మరగాలంటే పీడనం 42 మిల్లీబార్ల కన్నా కిందికి దిగాలి. మామూలు గేజు ముల్లు అడుగుకు ఆనినా ఆ లోతులో తేడాలను చూపలేదు. ఆయన దగ్గర ఎలక్ట్రానిక్ వాక్యూమ్ మీటరు ఉంది. పంపు ముప్పావుగంట నడిచాక అది 500 మైక్రాన్ల కిందికి, అంటే ఒక మిల్లీబారు కన్నా తక్కువ పీడనానికి, వచ్చింది. అప్పుడు వాల్వ్ మూసి పంపు ఆపేశారు. అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది. అంకె ఆగకుండా ఒకే తీరున పెరుగుతూ పోతే లీకు ఉంది. కొంత పెరిగి బాగా పైన ఒకచోట నిలిస్తే లోపల ఇంకా తేమ ఉంది. మాది మెల్లగా 700 దాకా పోయి అక్కడే ఆగింది. చాలా చోట్ల పది నిమిషాలు పంపు తిప్పి ఈ ఆపి చూసే భాగాన్ని వదిలేస్తారు. పని పూర్తిగా అయిందీ లేనిదీ చెప్పేది ఆ భాగమే.

గ్యాసును పీడనం చూసి కాకుండా తూకం ప్రకారం 520 గ్రాములు ఎక్కించారు. ఎక్కువైతే ఇంకా చల్లగా ఉంటుందని అనుకోకూడదు. కండెన్సర్‌లో ద్రవం నిండిపోయి, వేడి పోవడానికి చోటు తగ్గి, ఎక్కువ వైపు పీడనం పెరిగి చల్లదనం తగ్గుతుంది. తిరిగి అదే ఎండలో, అదే ఇంజిన్ వేగం మీద తక్కువ వైపు 32, ఎక్కువ వైపు 200 పీఎస్ఐ వచ్చాయి. సన్నని గొట్టం ఈసారి ఆ పీడనం దగ్గర గ్యాస్ ద్రవంగా మారే ఉష్ణోగ్రత కన్నా 7 డిగ్రీలు చల్లగా ఉంది, కంప్రెసర్‌కు తిరిగి వచ్చే లావు గొట్టం మీద చెమట పట్టింది, మధ్య రంధ్రంలో థర్మామీటర్ 6.5 చూపించింది.

కొన్ని నెలల తర్వాత, రంగు ఇంకా లోపలే ఉంది కాబట్టి, మళ్ళీ లైటు వేసి చూశాం. కొత్త కండెన్సర్, జాయింట్లు శుభ్రంగా ఉన్నాయి. కానీ తక్కువ వైపు గేజు తగిలించే చోట మూత తీస్తే వాల్వ్ సూది చుట్టూ సన్నటి మెరుపు కనిపించింది. గ్యాస్ తీయకుండానే ఆ సూదిని మార్చే పనిముట్టుతో కొత్తది వేసి, లోపల రబ్బరు వాషరున్న మూత బిగించారు. పాత మూతకు ఆ వాషరు ఎప్పుడో ఊడిపోయి ఉంది.